పండగ పిండివంటల్లో ఇంటిల్లిపాదికీ పని పంచండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో ఈమధ్య సంక్రాంతి పిండివంటల మీద ఒక వ్యాసం వచ్చింది. అరిసెలు, సున్నుండలు, జంతికలు ఇప్పుడు ఏ కాలనీలో అడిగినా ఆర్డరు మీద దొరుకుతున్నాయని, ఆడవాళ్ళు ఇక నడుం విరుచుకోనక్కర్లేదని అందులో రాశారు. నడుం విరగకూడదన్న మాటతో నాకు పేచీ లేదు. మా అమ్మా, మా ఆవిడా పండగ ముందు వారమంతా పొయ్యి దగ్గరే గడపడం కళ్ళారా చూసినవాణ్ణి. కానీ ఆ వ్యాసం చదివితే ఉన్నవి రెండే దారులనిపిస్తుంది. ఇంట్లో ఒక్క మనిషి చాకిరీ చేయడం, లేదంటే కొనుక్కు తెచ్చుకోవడం. ఇంటిల్లిపాదీ కూర్చుని చేసుకోవడం అనే దారి ఒకటుందని ఎవరూ రాయడం లేదు. మా ఇంట్లో ఆ దారి తెరిచింది చైనా వాళ్ళ పండగ తీపి. వినడానికి వింతగా ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఓపిగ్గా చదవమని మనవి.

నేను విశాఖ పోర్టులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మర్రిపాలెంలో ఉంటున్నాం. ఇంట్లో మా అమ్మ, మా ఆవిడ, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు, డాక్టరుగా పనిచేస్తున్న మా అమ్మాయి ఉంటాం. మా అమ్మాయి ఎంబీబీఎస్ చదివింది చైనాలోని నింగ్బోలో. షాంఘైకి దక్షిణంగా సముద్రం పక్కనున్న ఊరది. పోర్టు మనిషిని కాబట్టి ఆ పేరు నాకు కొత్తేం కాదు. సరుకు టన్నుల లెక్కన చూస్తే ప్రపంచంలోకెల్లా పెద్ద రేవు నింగ్బో-జౌషాన్‌దే. అయితే చైనాలో మామూలు జనానికి నింగ్బో అనగానే గుర్తొచ్చేది ఓడలు కాదట, టాంగ్‌యువాన్ అనే తీపి ఉండలట.

మనకి చైనా తిండి అంటే బీచ్ రోడ్డులో బండి మీద పొగలు కక్కే నూడిల్స్, మంచూరియా. ఆ మంచూరియా మన దేశంలో పుట్టిన వంటే. టాంగ్‌యువాన్ సంగతి వేరు. జిగురు బియ్యప్పిండి ఉండలో నల్ల నువ్వుల పూర్ణం పెట్టి, నూనెలో వేయించకుండా మరిగే నీళ్ళలో ఉడికించి, ఆ వేడినీళ్ళతోనే గిన్నెలో వడ్డిస్తారు. పూర్ణంలో నువ్వులు, పంచదార, పంది కొవ్వు కలపడం నింగ్బో వాళ్ళ పాత పద్ధతి. వాళ్ళ కొత్త సంవత్సరం మొదలైన పదిహేనో రోజున లాంతర్ల పండగ వస్తుంది. ఆ రోజు ఈ ఉండలు తినాలి. దక్షిణ చైనాలో అయితే డిసెంబరు 21నో 22నో వచ్చే డాంగ్‌జి పండగకి, అంటే ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే రోజుకి కూడా ఇవే చేసుకుంటారు. ఉండ గుండ్రంగా ఉన్నట్టు ఇంట్లో అందరూ ఒకచోట ఉండాలని వాళ్ళ కోరిక.

అమ్మాయి అక్కడ చదివేటప్పుడు వాళ్ళకి చైనా భాష నేర్పే టీచరమ్మ ఒక లాంతర్ల పండగకి కొందరు విద్యార్థుల్ని ఇంటికి పిలిచింది. అక్కణ్ణుంచి మా అమ్మాయి పంపిన వీడియో నా ఫోనులో ఇప్పటికీ ఉంది. గుండ్రటి బల్ల. ఒక పక్క టీచరమ్మ భర్త చొక్కా చేతులు మడిచి పిండి పిసుకుతున్నాడు. ఆమె అత్తగారు కుర్చీలో కూర్చుని ఉండల అంచులు మూస్తోంది. ఆరేళ్ళ పిల్లాడు ముక్కు మీద పిండితో పూర్ణం బిళ్ళలు అందిస్తున్నాడు. వాడు చుట్టిన ఉండలోంచి నువ్వులు బయటికి వస్తే ఆ పెద్దావిడ అది తీసుకుని, చిటికెడు పిండి అతికి, పళ్ళెంలో మిగతావాటి పక్కనే పెట్టింది. వాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. ఆ వీడియో చూసి మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మగాళ్ళు కూడా కూర్చున్నారండీ" అంది.

2020 జనవరిలో సెలవులకి ఇంటికొచ్చిన పిల్ల తిరిగి వెళ్ళలేకపోయింది. కరోనాతో దారులు మూసుకుపోయాయి. మన విద్యార్థులకి చైనా మళ్ళీ వీసాలివ్వడం 2022 ఆగస్టులో గాని మొదలవలేదు. ఆ మధ్యకాలం ఎంత టెన్షన్‌తో గడిచిందో అక్కడ పిల్లల్ని చదివించిన తల్లిదండ్రులందరికీ తెలుసు. 2020లో లాంతర్ల పండగ ఫిబ్రవరి 8న వచ్చింది. అప్పటికే, చైనా నుంచి వచ్చిన పిల్ల ఉందని మా గుమ్మం తొక్కడానికి కొందరు జంకుతున్నారు. వాళ్ళ భయం వాళ్ళది, తప్పుపట్టను. కానీ పిల్ల మాత్రం గదిలోంచి బయటికి రావడం మానేసింది. ఆ సాయంత్రం తనంతట తనే వంటింట్లోకి వచ్చి, "అమ్మా, బియ్యప్పిండి ఉందా" అని అడిగింది. మా ఇంట్లో ఈ పని మొదలైంది అలాగే.

మామూలు బియ్యప్పిండితో ఆ ఉండ నిలవదు. చుట్టగానే పగుళ్ళిస్తుంది, మరిగే నీళ్ళలో పడగానే విడిపోతుంది. దీనికి కారణం అమ్మాయే చెప్పింది. బియ్యంలో ఉండే పిండి పదార్థం రెండు రకాలు: అమైలోజ్, అమైలోపెక్టిన్. మనం తినే సాంబ మసూరి లాంటి బియ్యంలో అమైలోజ్ తగినంత ఉంటుంది కాబట్టి అన్నం పొడిపొడిగా వస్తుంది. చైనా వాళ్ళు ఈ తీపికి వాడే బియ్యంలో దాదాపు అంతా అమైలోపెక్టినే. అందుకే ఆ జిగురు. అలాంటి బియ్యం మన కిరాణా కొట్లలో దొరకదు.

మాకు దొరికింది పై అంతస్తులో. విశాఖ నేవీ ఊరు కదా, ఎన్‌ఏడీ (నేవీ ఆయుధాల డిపో) చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో దేశంలోని అన్ని రాష్ట్రాల వాళ్ళూ ఉంటారు. మా పైన అద్దెకుండే నేవీ కుటుంబానిది అస్సాం. వాళ్ళ ఇల్లాలు విషయం విని నవ్వి, సొంతూరి నుంచి తెచ్చుకున్న బోరా బియ్యం ఒక డబ్బాడు ఇచ్చింది. మన సంక్రాంతి రోజుల్లో వాళ్ళకి మాఘ బిహు వస్తుంది. ఆ పండగకి ఈ బోరా పిండిని వేడి పెనం మీద పల్చగా పరిచి, మధ్యలో నల్ల నువ్వులూ బెల్లమూ పెట్టి చుడతారు. తిల్ పిఠా అంటారు. నింగ్బోలో ఉడకబెడతారు, అస్సాంలో పెనం మీద చుడతారు. బియ్యం జాతి ఒకటే, లోపలి నువ్వులూ అవే. నాగుల చవితికి మనం చేసే చిమ్మిలి కూడా ఈ కుటుంబంలోదే కదా. చిమ్మిలినే పూర్ణంగా పెడదామన్నది మా ఆవిడ ఆలోచన. పంది కొవ్వు మా ఇంట్లో వాడం కాబట్టి నెయ్యి వేసింది. పంచదార బదులు అనకాపల్లి బెల్లం వేసింది.

ఇక్కడ మా అమ్మకి ఒక పట్టింపు వచ్చింది. నల్ల నువ్వులు తర్పణాలకి వాడేవి, పండగ పూట తీపిలో ఎలా వేస్తారని. ఆవిడ మాట కొట్టిపారేయదగ్గది కాదు. మా ఇళ్ళలో పుట్టి పెరిగిన ఎవరికైనా ఆ శంక వస్తుంది. చివరికి రెండు గిన్నెలు పెట్టాం. ఒకదాంట్లో నల్ల నువ్వులు, ఒకదాంట్లో తెల్లవి. ఇప్పటికీ అలాగే చేస్తున్నాం. ఉడికాక పై పిండి కాస్త పారదర్శకంగా మారుతుంది. నల్లవాటిలో లోపలి నలుపు సన్నగా పైకి కనిపిస్తుంది, తెల్లవి పాలరంగులోనే ఉంటాయి. అమ్మ వాటా ఏదో ఎవరూ అడగనక్కర్లేదు.

చేసే పద్ధతి చెప్తాను. ఏ పని ఎవరి చేతికి వెళ్తుందన్నదే ఈ ఉత్తరంలో అసలు విషయం. జిగురు బియ్యం ముందు రోజు రాత్రి నానబోయాలి. పొద్దున్నే నీళ్ళు పోసి గ్రైండర్లో మెత్తగా రుబ్బాలి. ఆ పిండిని పల్చటి గుడ్డలో మూటకట్టి, చిల్లుల గిన్నెలో ఉంచి, పైన బరువు పెట్టాలి. మా ఇంట్లో ఆ బరువు పాత రుబ్బురోలు పొత్రం. అది ఎత్తి పెట్టే పని నాది. సాయంత్రానికి నీరంతా దిగిపోయి లోపల తెల్లటి గట్టి ముద్ద మిగులుతుంది. నింగ్బోలో కూడా పూర్వం నుంచీ ఇలా నీళ్ళతో రుబ్బి, గుడ్డలో వడకట్టిన పిండే వాడతారట. మర పట్టించిన పొడి పిండి కంటే ఇది నాలుక మీద మెత్తగా జారుతుంది. అరిసెలకి మనం తడి ఆరకముందే పిండి కొట్టించడం లాంటి జాగ్రత్తే ఇదీ.

ఆ ముద్దలోంచి నిమ్మకాయంత తీసి, బిళ్ళలా నొక్కి, మరిగే నీళ్ళలో ఉడికించి, మళ్ళీ మిగతా పిండిలో కలిపి పిసకాలి. దీంతో ఉండ చుట్టేటప్పుడు పగుళ్ళు రావు. మా ఆవిడ ఇది చూడగానే, "పాల తాలికలకి పిండి ఉక్కబెడతాం కదా, అదే ఇది" అంది. పిసకడం మా అబ్బాయి వంతు. జిగురు పిండి చేతికి అతుక్కుని సతాయిస్తుంది, బలం కావాలి. ఈలోగా కోడలు నూరు గ్రాముల నల్ల నువ్వులు సన్నసెగ మీద వేయిస్తుంది. నలుపు నువ్వుల్లో రంగు మారడం కనపడదు కాబట్టి మాడుతున్నాయో లేదో చూపుతో తెలియదు. చిటపట తగ్గి, రెండు గింజలు వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోయి, కమ్మటి వాసన రావాలి. అప్పుడు దించేయాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే చేదు. చల్లారాక డెబ్భై గ్రాముల బెల్లం తురుము, మూడు చెంచాల నెయ్యి కలిపి దంచి, గోళీలంత బిళ్ళలు చేసి ఫ్రీజర్లో పెడతాం. గట్టిపడితేనే ఉండ లోపల కుదురుగా కూర్చుంటాయి.

అక్కణ్ణుంచి అందరం హాల్లో చాప మీదకి వస్తాం. వంటింట్లో ఎనిమిది మందికి చోటెక్కడిది? మా అమ్మకి మోకాళ్ళు వంగవు, ఆవిడకి కుర్చీ, ముందు చిన్న బల్ల. పిండిముద్ద తీసుకుని బొటనవేలితో గుంట చేసి, దొన్నెలాగ పల్చగా లాగి, బిళ్ళ పెట్టి, అంచులు పైకి తెచ్చి మూయాలి. ఆ తర్వాత రెండు అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. గట్టిగా నొక్కితే అడుగు చిరుగుతుంది. అమ్మ చేతులు వణుకుతాయి. ఆ వణుకుతోనే ఆవిడ ఉండలు మా అందరివాటి కంటే నున్నగా వస్తాయి. ఎలాగో నాకిప్పటికీ అర్థం కాదు. చిన్న మనవరాలు పొడి పిండి చల్లిన పళ్ళెంలో వాటిని వరసగా పేరుస్తుంది. మనవడి పని పొయ్యికి దూరంగా స్టూలు మీద నిలబడి గిన్నెలోకి చూడటం. ఉండలు మొదట అడుగుకి పోతాయి, కాసేపటికి ఒక్కొక్కటే పైకి వస్తాయి. "తేలింది!" అని వాడు అరవగానే మా అమ్మాయి గ్లాసుడు చన్నీళ్ళు పోస్తుంది. మళ్ళీ మరిగాక దించుతుంది. చన్నీళ్ళు పోయకపోతే లోపలి పూర్ణం కరిగేలోపే పై పిండి మరీ మెత్తబడిపోతుందట.

వడ్డించడం మా ఆవిడ పద్ధతి. నింగ్బో వైపు ఆ వేడినీళ్ళలో ఎండబెట్టిన సువాసన పూలు చల్లుతారు. ఇంకా దక్షిణాన అల్లం బెల్లం పానకంలో వేస్తారు. మాకు ఆ పానకమే నచ్చింది. మా ఆవిడ అందులో ఏలకులు దంచి వేస్తుంది. కొరకగానే వేడి నువ్వుల ముద్ద ఒక్కసారిగా నోట్లోకి వస్తుంది, జాగ్రత్త పడకపోతే నాలుక కాలుతుంది. ఒక హెచ్చరిక కూడా రాయమంది మా డాక్టరమ్మాయి. ఈ జిగురు పిండి గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలకీ, వయసు మళ్ళినవారికీ ముక్కలుగా కోసి, పక్కన కూర్చుని, నమిలి తినేలా చూడాలి. షుగరున్నవాళ్ళు ఒకటీ రెండుతో ఆపాలి. మా ఇంట్లో ఆ నియమం నాకు వర్తిస్తుంది.

ఇలా కూర్చోవడం వల్ల ఏం మారిందో చెప్పాలి. మన పిండివంటల్లో ప్రతి ఇంటికీ ఒక చెయ్యి తిరిగిన మనిషి ఉంటారు. పాకం ఆవిడ చూడాలి, చలిమిడి ఆవిడ కలపాలి, మిగతావాళ్ళు చెయ్యి పెడితే చెడిపోతుందని భయం. ఆ భయం నిజమే, అరిసె పాకం ఒక్క క్షణం అటూ ఇటూ అయితే కిలో బియ్యం వృథా. కొత్తవాళ్ళు చూస్తూ నిలబడతారు, నాలుగు మాటలు పడి హాల్లోకి వెళ్ళి టీవీ ముందు కూర్చుంటారు. పని చివరికి ఆ ఒక్క మనిషి మీదే పడుతుంది. దానికి తోడు నైవేద్యం పెట్టేదాకా ముట్టుకోకండి అని పిల్లల్ని తరిమేస్తాం. టాంగ్‌యువాన్ విషయంలో మా ఇంట్లో చెయ్యి తిరిగినవాళ్ళు లేరు. అమ్మాయికి తెలిసింది కొంతే. ఎనభై దాటిన అమ్మా, అయిదేళ్ళ పిల్లా, నేనూ ఒకే రోజు నేర్చుకున్నాం. ఎవరి ఉండ చితికినా ఎవరికీ కోపం రాలేదు. ఆ పీట దగ్గర పెత్తనం ఎవరిదీ కాలేదు.

అదే అలవాటు ఆ తర్వాతి సంక్రాంతికి అరిసెల్లోకి వచ్చింది. బియ్యం నానబెట్టి, నీళ్ళు మార్చి, గుడ్డ మీద ఆరేసే పని నాదీ మా అబ్బాయిదీ. మర దగ్గర వరసలో నిలబడేదీ నేనే. తడిపిండి జల్లించేది కోడలు. నువ్వులు అద్దేది పిల్లలు. కొట్టేది అమ్మ, కుర్చీలోంచే, నూనె రాసిన అరటాకు మీద. మూకుట్లోంచి తీసిన అరిసెని రెండు చెక్కల మధ్య అదిమి నూనె వంచేది మా అబ్బాయి. పాకం మాత్రం మా ఆవిడదే. అది ఇంకెవరికీ ఇవ్వనంది, ఇవ్వకపోవడమే న్యాయం. కానీ పళ్ళెంలో నీళ్ళు పోసి, పాకం చుక్క వేసి, వేలితో ఉండ కట్టి, పళ్ళేనికేసి కొడితే టక్కున చప్పుడు రావాలని పక్కన నిలబెట్టి కొడుక్కి చూపించింది. ముప్పై ఏళ్ళు దాటిన మగపిల్లాడికి మా ఇంట్లో ఆ సంగతి చెప్పడం అదే మొదలు. నైవేద్యం మాటా తేలిపోయింది. అమ్మ స్నానం చేసి మొదటి వాయి తన చేతుల మీదుగా తీయించి దేవుడి గదిలో పెట్టేస్తుంది. రెండో వాయి నుంచి పిల్లలు చేతులు కడుక్కుని కూర్చోవచ్చు.

ఆ ఉత్సాహంతో చైనా వాళ్ళ తీపి వంటలు ఇంకొన్ని చేసి చూశాం. జియెన్ దుయ్ అనే వేయించిన ఉండలు బాగా కుదిరాయి. జిగురు పిండిలో తీపి పప్పు పూర్ణం పెట్టి, పైన నువ్వులు అద్ది, నూనెలో వేయిస్తారు. మన బూరెకి దగ్గర చుట్టం. మూన్‌కేకులు మాత్రం కష్టమైనవి. తామర గింజల ముద్ద, ఉప్పులో ఊరిన బాతు గుడ్డు పచ్చసొన, చెక్క అచ్చు కావాలి. మేం గుడ్డు మానేసి, కొబ్బరి పూర్ణం పెట్టి, అమ్మ దగ్గరున్న పంచదార చిలకల అచ్చులో వేశాం. వాళ్ళు దాన్ని మూన్‌కేకు అని ఒప్పుకోరు, మా పిల్లలు మాత్రం చిలక కేకు అని పేరు పెట్టి తినేశారు. వాళ్ళు ఎనిమిదో నెల పౌర్ణమికి చంద్రుణ్ణి చూస్తూ అవి తింటారు. 2025లో అది అక్టోబరు 6న, మన ఆశ్వయుజ పౌర్ణమి నాడే వచ్చింది. ఆ తర్వాత తదియకే మన ఆడపిల్లల అట్లతద్ది, దానికీ చంద్రుణ్ణి చూడాలి కదా. కొత్త సంవత్సరానికి వాళ్ళు ఆవిరి మీద వండే నియెన్ గావ్ అనే జిగురు కేకు ఇంకా చేయలేదు. ఏడాది చివర్లో వంటింటి దేవుడు పైలోకానికి వెళ్ళి ఇంటివాళ్ళ సంగతులన్నీ చెప్తాడని, మంచి మాటే చెప్పేలా ఆయనకి ముందుగా జిగురు మిఠాయి పెడతారని విన్నప్పటి నుంచి మా మనవడు ఆ దేవుడి మీదే ప్రశ్నలు వేస్తున్నాడు.

మా అమ్మకి పంచాంగం అంటే ప్రాణం. వాళ్ళ నెల కూడా అమావాస్యతో మొదలై పదిహేనో రోజుకి పౌర్ణమి అవుతుందని, వాళ్ళకీ అధిక మాసం ఉందని తెలిశాక ఆవిడకి ఈ పండగ పరాయిదిగా తోచలేదు. అయితే వాళ్ళకి అధికం వచ్చే ఏడు మనకి రానక్కర్లేదు. 2025 ఫిబ్రవరి 12న లాంతర్ల పండగ సరిగ్గా మాఘ పౌర్ణమికి పడింది. మన వైపు జనం సముద్ర స్నానాలకి పూడిమడక, రేవు పోలవరం వెళ్ళే రోజు అది. వాళ్ళకి 2025లో అధిక మాసం వచ్చి వెళ్ళింది, మనకి 2026లో జ్యేష్ఠం ముందు వస్తుంది. అందుకని 2026లో వాళ్ళ కొత్త సంవత్సరం ఫిబ్రవరి 17కి జరిగింది, లాంతర్ల పండగ మార్చి 3న, మన ఫాల్గుణ పౌర్ణమికి పడింది. ఈ లెక్కంతా కాగితం మీద వేసి మనవడికి వివరించింది మా అమ్మే.

సరిహద్దులో గొడవలుండగా చైనా పండగ ఏమిటని మా బంధువుల్లో ఒకరు మొహమ్మీదే అడిగారు. దేశం విషయంలో నా మనసు ఎవరికీ తీసిపోదు. రేవు పనిలో జీవితమంతా గడిపినవాణ్ణి. కానీ ఆ టీచరమ్మ ఇంట్లో మా పిల్లని కూతురిలా కూర్చోబెట్టి, పిండిముద్ద చేతిలో పెట్టిన పెద్దావిడకి ఆ గొడవలతో ఏం సంబంధం? నేను అడిగినవారికి జవాబు చెప్పేలోపే అమ్మ అందుకుంది. "లోపల ఉన్నది నాగుల చవితి చిమ్మిలేరా, తిని చూడు" అంది. ఆయన తిన్నాడు.

నా కోరిక ఇది. సంక్రాంతికి మీరు వేసే ప్రత్యేక పేజీల్లో ఎప్పటిలాగా కొలతలూ, ఫొటోలూ వేయండి. వాటితో పాటు ప్రతి వంట కిందా, అందులో ఏ పని ఎవరు చేయగలరో కూడా రాయించండి. అయిదేళ్ళ పిల్ల ఏం చేయగలదు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చుని ఏం చేయగలరు, వంట బొత్తిగా రాని మగవాళ్ళకి ఏ పని అప్పగించాలి, పొయ్యి దగ్గరికి ఎవరు రాకూడదు. అనుభవమున్న ఇల్లాళ్ళు ఇవన్నీ చిటికెలో చెప్పేస్తారు, ఎవరూ అడగకపోవడమే లోటు. ఆ పేజీని ఆడవాళ్ళ అనుబంధంలో కాకుండా అందరూ చదివే చోట వేయండి. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు ఇళ్ళలో ఈ పనులు ఎలా పంచుకుంటారో పాఠకుల్నే రాయమని అడగండి. మన ఊళ్ళో ఉంటున్న అస్సాం, ఒడిశా, బెంగాల్ కుటుంబాలనీ అడగండి, వాళ్ళకీ బియ్యప్పిండీ నువ్వులూ బెల్లమూ ఉన్న పండగలే. పండగ ప్రకటనల్లో ఎప్పుడూ చీర కట్టుకుని ఒక్క ఆవిడే పళ్ళెం పట్టుకుని నవ్వుతూ కనిపిస్తుంది. మీ పేజీలో ఒక్కసారి నలుగురైదుగురి చేతులు పిండిలో ఉన్న ఫొటో వేసి చూడండి.

కొనుక్కునేవాళ్ళని నేను తక్కువ చేయడం లేదు. మా అమ్మాయికి నైట్ డ్యూటీలు పడ్డ ఏడాది మేమూ జంతికలు కొన్నాం. మాడుగుల హల్వా అయితే ఏ పండగకైనా కొనాల్సిందే. గోధుమ పాలతో అది కలిపి, తిప్పి, దించే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. అన్నీ ఇంట్లో చేయమని అనడం లేదు. ఏదో ఒక్క వంట, ఒక్క సాయంత్రం, ఫోన్లు పక్కన పడేసి అందరూ కూర్చుంటే చాలు. ఏ వంటయినా సరే. ఇంట్లో ఎవరికీ రాని కొత్త వంటయితే ఇంకా మంచిదని నా అనుభవం.

ఈ నెల, అంటే 2025 డిసెంబరు 21న డాంగ్‌జి. ఆదివారం కాబట్టి మా వాళ్ళందరికీ సెలవు. పై అంతస్తు వాళ్ళు ఈసారి బోరా బియ్యం ముందే తెప్పించారు. వాళ్ళూ కిందికి దిగి మాతో పాటే కూర్చుంటారు, ఉండల తర్వాత తిల్ పిఠా వాళ్ళు నేర్పుతారు. మీ పత్రిక విశాఖ ఎడిషన్ నుంచి ఎవరైనా వచ్చి చూస్తామంటే మా ఇంటికి సంతోషంగా రావచ్చు. కొలతలు, పనుల పంపకం వేరే కాగితం మీద మా కోడలు రాసింది, ఈ ఉత్తరంతో జతచేశాను. వేసుకునే వీలుంటే సంక్రాంతికి వారం పది రోజుల ముందే వేయండి. బియ్యం నానబోసుకోవడానికి, అందరికీ సెలవు కుదుర్చుకోవడానికి ఇళ్ళలో ఆ మాత్రం టైము కావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత పోర్టు ఉద్యోగి,
మర్రిపాలెం, విశాఖపట్నం.